వెలి వేరు, కోరంటి వేరు

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 12:1-15; అపొస్తలుల కార్యములు 28:1-10



దూరదేశమునుండి ఒకడు వచ్చి మన యింటి వాకిట నిలిచియున్నాడు. అతని చేత పెట్టె యున్నది, పెట్టెలో బిడ్డలకు తెచ్చిన వస్తువులున్నవి. ఒంటిలో వ్యాధి యున్నదో లేదో అతనికే తెలియదు. తలుపు తీయవలెనా? తీసినయెడల ఇంటనున్న ముసలి తల్లికేమగునో! తీయనియెడల పరదేశిని చేర్చుకొనుటను గూర్చి మనము ఇన్నాళ్లు వినిన బోధ ఏమగును?

2020వ సంవత్సరమున ఈ ప్రశ్న మన గ్రామములకు నిజముగానే వచ్చినది. దుబాయి, మస్కట్, కువైట్ పట్టణములకు పనికి పోయిన మన పిల్లలు తిరిగి వచ్చుచుండగా ఏమి చెప్పవలెనో తోచక అనేక సంఘముల పెద్దలు కలవరపడిరి. ఆ వ్యాధి నేడు మునుపటివలె భయపెట్టుట లేదు గనుక ప్రశ్నయు తీరిపోయినదని కొందరు తలంచుచున్నారు. తీరలేదు. వేరొక పేరుతో వేరొక తెగులు వచ్చిననాడు అదే వాకిట అదే మనిషి మరల నిలుచును. భయము పట్టుకొన్న దినమున మనుష్యుడు సరిగా ఆలోచింపలేడు. కావున భయము లేని ఈ దినములలోనే దీనిని గూర్చి కొంత మాటలాడుకొనుట మేలని మేము తలంచితిమి.

హైదరాబాదులో టోలిచౌకి అను పేట కలదు. సినిమావారుండు ఫిల్మ్‌నగరు, జూబిలీహిల్స్ కొండలకు దిగువగా, గోలకొండ కోటకు దగ్గరలో నున్నది. చౌకీ యనగా కావలివారుండు స్థలము. నేడచ్చట కావలి ఏమియు లేదు; అద్దె యిండ్లు, అంగళ్లు, జనసమ్మర్దము మాత్రమే యున్నవి. ఆఫ్రికా ఖండమునుండియు అరబ్బు దేశములనుండియు చదువు కొరకును, నగరములోని పెద్ద ఆసుపత్రులలో వైద్యము కొరకును వచ్చువారనేకులు ఆ పేటలో బసచేయుదురు. కొండమీది సినిమావారు పాటలు తీయుటకు విదేశములకు పోవుచుండగా, కొండక్రింది వీధులకు విదేశములే వచ్చుచున్నవని చెప్పవచ్చును.

2021 డిసెంబరు 12న కెన్యానుండి ఒక స్త్రీయు, సొమాలియానుండి ఒక పురుషుడును శంషాబాదు విమానాశ్రయమున దిగి ఈ టోలిచౌకికి వచ్చిరి. 15వ తేదీన ఆరోగ్యశాఖవారు ఒక ప్రకటన చేసిరి. ఆ ఇద్దరిలోను ఒమిక్రాన్ అను క్రొత్తరకపు కొరోనా యున్నదనియు, తెలంగాణలో అది కనబడుట అదే మొదటిసారియనియు తెలిపిరి. ఇంకొక చిన్న బిడ్డకును అదే యున్నట్లు తేలెను గాని, ఆ బిడ్డ శంషాబాదులో విమానము మారి బెంగాలునకు పోయెను. ఆరోగ్యశాఖవారు టోలిచౌకికి పోయి చుట్టుప్రక్కలవారిని పరీక్షించిరి.

ఇందులో గమనింపవలసిన సంగతి యొకటున్నది. ఆ దినములలో ప్రభుత్వము అపాయమున్న దేశములని కొన్నింటి పేర్లు పట్టికగా వ్రాసికొని, ఆ దేశములనుండి వచ్చువారినందరిని విమానాశ్రయముననే పరీక్షించుచుండెను. మిగిలిన దేశములనుండి వచ్చువారిలో నూటికి ఇద్దరిని మాత్రము, చీటి తీసినట్లు తీసి, నమూనా తీసికొని పంపివేయుచుండెను. కెన్యాగాని సొమాలియాగాని ఆ పట్టికలో లేవు. వీరు నూటికి ఇద్దరి లెక్కలో దొరికినవారు. అట్లయిన పరీక్ష లేకయే వెళ్లిపోయిన ఆ 98 మంది సంగతి ఏమని అడుగుట న్యాయము. వారిలో ఎందరు వ్యాధిని వెంటబెట్టుకొని పోయిరో ఎవరికిని తెలియదు. వారు దిగిన పేటల పేర్లు పత్రికలలో రాలేదు. టోలిచౌకి పేరు మాత్రము కొన్ని దినములు అందరి నోట నానెను.

ఒక పేట పేరు, ఒక జాతి పేరు ఇట్లు నోట నానుట చిన్న విషయము కాదు. ఆఫ్రికావారు తెచ్చిరి అను మాట ఎంత త్వరగా పుట్టునో మనమెరుగుదుము. అది ఎంతవరకు సత్యము? టోలిచౌకి సంగతి బయటపడుటకు పదుమూడు దినములు ముందుగా, డిసెంబరు 2న, ఈ రకము మన దేశములో మొట్టమొదట బెంగుళూరులో కనబడెను. అచ్చట దొరికిన ఇద్దరిలో ఒకరు దక్షిణాఫ్రికానుండి వచ్చినవారు. రెండవవారు ఏ దేశమునకును పోయి రాని స్థానిక వైద్యులు. అనగా మనము గుమ్మమువైపు చూచుచుండగా వ్యాధి ఇంటిలోపలనే తిరుగుచుండెను. డిసెంబరు 12న ఆంధ్రప్రదేశములో మొదటిసారి కనబడినది ఆఫ్రికానుండి వచ్చినవారిలో కాదు, ఐర్లండునుండి వచ్చిన యొక ప్రయాణికునిలో. అతడు ముంబయి మీదుగా విశాఖపట్నము వచ్చి విజయనగరము చేరెను. ముంబయిలో పరీక్షించినప్పుడు వ్యాధి లేదని తేలెను. విజయనగరములో మరల పరీక్షింపగా ఉన్నదని తేలెను.

ఇంకను వెనుకకు పోయి చూతము. 2020 జనవరి 30న భారతదేశములో ఈ వ్యాధి మొదట కనబడినది కేరళలో, వూహాన్ నగరమునుండి ఇల్లు చేరిన మన దేశపు విద్యార్థినిలో. మార్చి 2న తెలంగాణలో మొదట కనబడినది, పనిమీద దుబాయి పోయి బెంగుళూరు చేరి అచ్చటినుండి బస్సులో హైదరాబాదు వచ్చిన యువకునిలో. మార్చి 12న ఆంధ్రప్రదేశములో మొదట కనబడినది నెల్లూరులో, ఇటలీనుండి తిరిగి వచ్చిన విద్యార్థిలో. ముగ్గురును మన పిల్లలే. పరదేశి తెచ్చును, మనవాడు తేడు అను లెక్క ఎక్కడను కుదురలేదు.

అయినను ఆ సంవత్సరము మన నోట ఏ మాటలు వచ్చినవో జ్ఞాపకము చేసికొందము. మార్చి నెలలో ఇండోనేషియానుండి వచ్చిన ముస్లిము బోధకులు కొందరు ఢిల్లీనుండి రైలులో వచ్చి కరీంనగరము చేరగా వారికి వ్యాధి యున్నట్లు తేలెను. ఆ నెల కడపట ఢిల్లీ నిజాముద్దీనులో జరిగిన కూటము సంగతియు బయటపడెను. వ్యాధి యున్నవారిని వెదకుట వలసినదే. అయితే వెదకుటతో ఆగక ఒక మతమువారినందరిని వ్యాధిపేరు పెట్టి పిలుచుట దేశమంతట వ్యాపించెను. వారియొద్ద కూరగాయలు కొనవద్దని చెప్పినవారును గలరు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టుయొక్క ఔరంగాబాదు ధర్మాసనము, ఆ కూటమునకు వచ్చిన విదేశీయులలో కొందరిపై పెట్టిన కేసులను కొట్టివేయుచు, వారు బలిపశువులుగా ఎన్నుకొనబడినట్లున్నదని అభిప్రాయపడెను. లేవీయకాండము 16వ అధ్యాయము చదివిన మనకు ఆ మాట క్రొత్తది కాదు. జనుల దోషములను ఒక మేకమీద మోపి అరణ్యమునకు తోలివేయుదురు. అది పాపమునకు చేయబడిన ఏర్పాటు, జ్వరమునకు కాదు. జ్వరము విషయములో మేక అరణ్యమునకు పోయినను వ్యాధి పాళెములోనే నిలుచును.

ఇట్లు చెప్పినందున రాకపోకలను గమనింపనక్కరలేదని మేము చెప్పుచున్నట్లు ఎవరును తలంపవద్దు. ప్రయాణమునకును తెగులునకును సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. 1918లో యుద్ధమునుండి వచ్చిన సైనికుల ఓడలతో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా, రైలు మార్గములవెంట దేశమంతట ప్రాకి కోటిమందికి పైగా పొట్టన పెట్టుకొనెను. అయితే ఓడల కాలమున ఒక మేలుండెను. ప్రయాణము వారములు, నెలలు పట్టునది. వ్యాధి సోకినవాడు సముద్రముమీదనే పడకబట్టును. రేవు చేరునప్పటికి ఓడలో ఏమున్నదో అందరికిని కనబడును. విమానము అట్లు కాదు. వ్యాధి లోపల ప్రవేశించినది మొదలు జ్వరము పొడచూపువరకు కొన్ని దినములు గడచును. అంతలో విమానము మనిషిని ఖండము దాటించి ఇంట దింపివేయును. ముంబయిలో లేదనిన వ్యాధి విజయనగరములో ఉన్నదని తేలుటకు ఇట్టి కారణముండవచ్చును. అందుచేత, ఒంట్లో బాగుగానే యున్నదిగదా అను ప్రయాణికుని మాట అబద్ధము కాకపోయినను చాలదు.

కొన్నిదినములు వేరుగా నుంచి చూచుట అను పద్ధతి అందువలననే పుట్టెను. 1377లో అద్రియ సముద్రతీరముననున్న రగూజా పట్టణమువారు తెగులున్న చోట్లనుండి వచ్చినవారు 30 దినములు పట్టణము వెలుపల నుండవలెనని కట్టడ చేసిరి. తరువాత అది 40 దినములాయెను. ఇటలీవారి భాషలో నలువదికున్న మాటనుండియే క్వారంటైన్ అను మాట పుట్టి, హైదరాబాదు చేరి కోరంటి యాయెను. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని ముసలివారు కోరంటి దవాఖానా యందురు. 1915లో వేరొక చోట మొదలై తరువాత నల్లకుంటకు మార్చబడిన ఆ ఆసుపత్రికి, దోమకును మలేరియాకును గల సంబంధమును 1897లో సికింద్రాబాదున కనుగొన్న రోనాల్డ్ రాస్ పేరు పెట్టబడినది. కోరంటి అను పేరు విని మన పెద్దలు భయపడుచుండిరి. దానివలన ఎంత మేలు కలుగునో చూపుటకు ఫిజీ ద్వీపముల చరిత్ర చాలును. దానిని కొంచెము వివరముగా చెప్పుదుము.

ఫిజీ పసిఫిక్ మహాసముద్రములోనున్న ద్వీపముల గుంపు. 1875 జనవరిలో అచ్చటి రాజైన థాకొంబౌ సిడ్నీ పట్టణమును దర్శించి డిడో అను ఇంగ్లీషువారి యుద్ధపు ఓడలో తిరిగివచ్చెను. ఓడలో తట్టు వ్యాధి యుండెను. మనకు తట్టు బిడ్డలకు వచ్చిపోవు వ్యాధి. ఫిజీవారు దానిని అంతకుమునుపు ఎరుగరు. ఓడను ఎవరును ఆపలేదు. రాజు క్షేమముగా వచ్చెనని అన్ని ద్వీపములనుండియు నాయకులు సంతోషముతో కూడివచ్చి, కూటము ముగించుకొని, ఎవరి ద్వీపమునకు వారు పోయిరి. వారితోకూడ తట్టు పోయెను. కొద్ది నెలలలో సుమారు 40,000 మంది చనిపోయిరి. నాటి ఫిజీ జనులలో అది నలుగురికి ఒకరికంటె ఎక్కువ. పాతిపెట్టువారు లేని గ్రామములుండెను. ఎవరును ఎవరికిని కీడు తలపెట్టలేదు. రాజు తన ఇంటికి వచ్చెను, ప్రజలు తమ రాజును చూడవచ్చిరి, అంతియే.

నాలుగు సంవత్సరములు గడచెను. 1879 మార్చి 3న లియోనిడాస్ అను ఓడ కలకత్తానుండి కూలీలను ఎక్కించుకొని బయలుదేరి, మే 14న ఫిజీలోని లెవుకా రేవు చేరెను. దారిలో కలరాయు మశూచియు పుట్టి కొందరు సముద్రముమీదనే చనిపోయిరి. ఈసారి అధికారులు ఓడను రేవునకు రానీయక, దగ్గరనున్న యానుచా లైలై అను చిన్న దీవిలో కూలీలను దింపి, వ్యాధి అణగువరకు అచ్చటనే యుంచిరి. ఫిజీ తప్పించుకొనెను. ఇల్లు విడిచి, భాష తెలియని చోట, ఎందుకుంచిరో సరిగా ఎరుగక ఆ దీవిలో నెలల తరబడి కూర్చున్న ఆ 463 మంది మనవారినిగూర్చియు తలంపవలెను. వారు భరించినది వారి మేలుకొరకు మాత్రమే కాదు. ఎన్నడును చూడని ఫిజీ బిడ్డలకొరకును భరించిరి. వారికి ఎవరైనను కృతజ్ఞత చెప్పిరని మేము చదువలేదు. 1903 మొదలుకొని మద్రాసునుండి పోయిన ఓడలలో తెలుగు కుటుంబములును ఫిజీ చేరెను. వారి సంతతివారు ఆంధ్ర సంగము పేరుతో నేటికిని అచ్చట కూడుకొనుచున్నారు.

కావున వేరుగానుంచుట పాపమని మేమనము. పరదేశిని ప్రేమించుటయు ఇంటివారిని కాపాడుటయు రెండును ఆజ్ఞలే. అయితే వేరుగానుంచుట ఎప్పుడు ప్రేమయగును, ఎప్పుడు ద్వేషమగును? మా ప్రశ్న ఇదియే. దీనికి సంఖ్యాకాండము 12వ అధ్యాయము మాకు కొంత వెలుగు చూపినది.

మోషే భార్య కూషుదేశపు స్త్రీ, అనగా ఆఫ్రికా స్త్రీ. ఆమెను సాకుగా పెట్టుకొని మిర్యాము మోషేకు విరోధముగా మాటలాడెను. పరదేశపు స్త్రీని తక్కువగా చూచిన మిర్యాము దేహముమీదనే వ్యాధి కనబడెను. ఏడు దినములు ఆమెను పాళెము వెలుపల నుంచవలెనని ప్రభువు సెలవిచ్చెను. ఇంతవరకు అందరును ఎరిగినదే. పదునైదవ వచనములో మరియొక సంగతి యున్నది. ఆమెను మరల చేర్చుకొనువరకు జనులు ప్రయాణము సాగింపలేదు. లక్షలమంది జనము, ఎండలో, ఎడారిలో, ఒక్క రోగికొరకు నిలిచిపోయిరి. ఆమె వెలుపల నుండెను, వారు లోపల నిలిచిరి; బాధ ఇరుప్రక్కలను పంచుకొనబడెను. లేవీయకాండము 13వ అధ్యాయములోను ఇదే పద్ధతి. ఏడు దినములు ఉంచి చూడవలెను, అవసరమైన మరి ఏడు దినములు. చూడవలసినవాడు యాజకుడే, పొరుగువారి గుసగుసలు సాక్ష్యము కావు. 14వ అధ్యాయములో యాజకుడు తానే పాళెము దాటి రోగియొద్దకు పోవలెను. వ్యాధి మానని వాడు మానునంతవరకు వెలుపలనే నివసింపవలెనని 13:46లో నున్నది. అది కఠినమైన మాట, దానిని మేము దాచము. ఆనాడు మందు లేదు, నేడున్నది.

ఇప్పుడు మన గ్రామముల వెలి సంగతి చూడుడి. మనలో అనేకుల తాతలు వెలివాడలో పుట్టిరి. వారిని ఊరి బయట నుంచినవారును మైల అను మాటనే పలికిరి. ఏ వ్యాధి? పేరు లేదు. ఎన్ని దినములు? లెక్క లేదు. పరీక్షించి చేర్చుకొనుటకు వచ్చిన యాజకుడెవడు? ఎవడును రాలేదు. వారికొరకు ఊరు తన పనిని ఒక్కదినమైనను ఆపినదా? వారిచేతనే పని చేయించుకొనెను. కోరంటికి గడువుండును, తిరిగి చేర్చుకొనుట దాని గురి. వెలికి గడువు లేదు, చేర్చుకొనకుండుటయే దాని గురి. ఈ భేదము పుస్తకము చదివి తెలిసికొనవలసిన అవసరము మన సంఘములకు లేదు. అట్టి మనమే 2020లో పొలిమేర దారులకు ముళ్లకంపలు అడ్డము వేయుటలో కొన్నిచోట్ల చేతులు కలిపితిమి గదా! కంప ఎవనిని ఆపెను? పనిపోయి, చేతిలో పైసా లేక, ఎక్కడ తలదాచుకొనవలెనో తెలియక వచ్చినవానిని ఆపెను. వ్యాధి తన దారిని తాను కనుగొనెను.

వెలి అన్యాయమే కాదు, వ్యాధిని ఆపుటకును అది పనికిరాదు. 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ఒమిక్రాన్ సంగతిని ప్రపంచమునకు తెలియజేసిరి. రెండు దినములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆ పేరు పెట్టెను. ముందుగా చెప్పినందుకు వారికి దొరికినదేమి? అనేక దేశములు ఆఫ్రికా దక్షిణ దేశములనుండి వచ్చు విమానములను ఆపివేసెను. తరువాత నెదర్లాండ్సువారు తమయొద్ద దాచియున్న పాత నమూనాలను చూడగా నవంబరు 19ననే ఆ వ్యాధి తమ దేశములో నున్నట్లు తేలెను. తలుపు మూసినవారి ఇంటిలో అది ముందే కాపురముండెను. సత్యము చెప్పినవానికి దెబ్బ తగిలినయెడల రెండవవాడు నోరు మూసికొనును. 2020లో జ్వరము మాత్ర మ్రింగి విమానాశ్రయపు పరీక్ష దాటినవారిని గూర్చి పత్రికలు వ్రాసెను. వారు చేసినది తప్పు, సందేహము లేదు. వారివలన ప్రక్కసీటులోనివానికి అపాయము. అయితే వాడు ఎవరికి భయపడి ఆ మాత్ర మ్రింగెనో అదియు ఆలోచింపవలెను. వ్యాధికి భయపడలేదు. ఊరికి భయపడెను.

పౌలు ఎక్కిన ఓడ బ్రద్దలై మెలితే ద్వీపమున పడినప్పుడు అచ్చటివారికిని ఇట్టి అనుమానమే కలిగెను. అతని చేతికి పాము పట్టుకొనుట చూచి వీడు నరహంతకుడని తలంచిరి. అయితే అనుమానమునకు ముందే వారు నిప్పు రాజబెట్టిరి. వర్షము, చలి యుండెను గనుక వచ్చినవారందరిని చేర్చుకొనిరి. ఆ ద్వీపములో ముఖ్యుడైన పొప్లియొక్క తండ్రి జ్వరముతోను రక్తభేదితోను పడియుండెను. జ్వరము వచ్చినవానితో రాలేదు, ద్వీపములోనే యుండెను. స్వస్థత మాత్రము వచ్చినవానితో వచ్చెను.

ఇది మన దేశమునకు క్రొత్త కాదు. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని నిజామాబాదు ప్రాంతములో కుష్ఠువ్యాధిగ్రస్థులు ఊళ్ల వెలుపల పడియుండుట చూచి, 1915లో డిచ్‌పల్లిలో వారికి ఆసుపత్రి తెరచెను. దానికి ధనసహాయము చేసినవారిలో నర్సాగౌడుగారను హిందూ సోదరులు ముఖ్యులు. సముద్రము దాటి వచ్చిన స్త్రీయు, వేరొక మతమునకు చెందిన ధనవంతుడును కలిసి, ఊరు బయట వేసినవారికి చోటిచ్చిరి. ఆ నిజామాబాదునుండియే నేడు వేలమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఆ దేశములలో వారును పరదేశులే. వారును ఏదో యొక టోలిచౌకిలో ఇరుకు గదులలో బసచేయుచున్నారు. అచ్చట ఒకనికి జ్వరము వచ్చిన దినమున ఆ వీధివారు వానిని ఎట్లు చూడవలెనని మనము కోరుదుమో మనకు తెలియును.

ఇక మన పనిని గూర్చి రెండు మాటలు. వచ్చువాడు చేయవలసినది స్పష్టమే: ఎక్కడనుండి వచ్చెనో దాచకుండుట, టీకాలు వేయించుకొనుట, వైద్యులు చెప్పిన గడువు తీరువరకు వేరుగానుండుట. చెప్పుట సుళువు. ఒకటే గదిగల ఇంటిలో ఆరుగురుండగా వేరుగానుండుట ఎట్లు? 2021 మే నెలలో నల్లగొండ జిల్లాలోని ఒక తండాలో, వ్యాధి సోకిన పడుచువాడొకడు ఇంటిలో వేరే గది లేక, చెట్టుకొమ్మలకు వెదురుబద్దలు కట్టి 11 దినములు దానిమీద పండుకొనెను. ఆ వార్త చదివి అందరును మెచ్చుకొనిరి. మాకు మాత్రము మెచ్చుకోలు కంటె సిగ్గు ఎక్కువ కలిగెను. అంత పెద్ద లోకములో ఒక పిల్లవానికి పదునొకండు దినములు చెట్టు తప్ప చోటు దొరకలేదు. విదేశములనుండి విమానములలో తెచ్చిన కూలీలలోను విడిది ఖర్చు పెట్టుకొనలేక ఏడ్చినవారెందరో గలరు. కోరంటి బరువును బీదవానిమీదనే వేసి, వాడు మోయలేక దాటిపోయినప్పుడు వానిని దోషియనుట న్యాయము కాదు.

సంఘమునకు చిన్న గదియైనను ఉండును: పాఠశాల గదియో, కావలివాని గదియో. సంవత్సరములో అనేక దినములు అవి తాళము వేసియుండును. ఇంటిలో చోటులేనివానికి గడువు తీరువరకు అది ఇయ్యవచ్చును. గల్ఫునుండి వచ్చు తేదీ ఇంటివారికి ముందుగా తెలిసియే యుండును. వారు పెద్దలకు చెప్పినయెడల, కిరాణా సామాను ఎవరు తెత్తురో, గంజియు అన్నమును గుమ్మమువద్ద ఎవరు పెట్టుదురో, పొలమునకు నీరు ఎవరు కట్టుదురో స్త్రీల సమాజమువారును యౌవనస్థులును ముందుగానే పంచుకొనవచ్చును. పాస్టరుగారు దినమునకొకసారి వాకిటికి పోయి దూరమున నిలిచి పలుకరింపవలెను. ఫోనులో ప్రార్థించుట మంచిదే గాని, వాకిట నిలిచిన మనిషిని ఊరంతయు చూచును, అది వేరు.

మరియొకటి. విదేశమునుండి కుమారుడు ఇల్లు చేరగానే ఆ వారములోనే కృతజ్ఞతా కూటము పెట్టి, సంఘమంతటికి భోజనము పెట్టుట మనలో మంచి వాడుకయై యున్నది. వేట కోయుదురు, చుట్టుప్రక్కల గ్రామములవారిని పిలుతురు, అందరును అతనిని కౌగలించుకొందురు. తెగులున్న కాలములలో ఆ కూటమును గడువు ముగిసిన తరువాతి ఆదివారమునకు పెట్టుకొనుడని ఆ ఇంటివారికి పెద్దలే ముందుగా చెప్పవలెను. వారు తమంతట తాము వాయిదా వేసినయెడల బంధువులు పిసినిగొట్టులందురు. సంఘము చెప్పినదన్నయెడల ఎవరును ఏమియు అనరు.